బీజక్షేత్ర రహస్యాన్వేషి స్పల్లంజాని

బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా అను ప్రశ్న మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. సంతానము ఎవరికి చెందవలెనను విచారణ వచ్చినపుడు ధర్మశాస్త్రకారులు ఈ ప్రశ్ననే ముందిడుకొని వాదించిరి. పొలము దున్ను రైతు విత్తనమును చూచును, నేలను చూచును, పదునును చూచును. ఆ తరువాతనే పంటను గూర్చి మాట చెప్పును. మానవ సంసారమున మాత్రము పంట పండనప్పుడు నేలను నిందించుటయే లోకమునకు అలవాటైనది. గొడ్రాలు అను మాటకు మన భాషలో గల వాడుక దానికి సాటియైన పురుషవాచకమునకు లేదు. ఆ ఒక్క భేదములో తరతరముల స్త్రీల కన్నీరు ఇంకియున్నది.

ఈ ప్రశ్నను వాదవేదిక నుండి దించి ప్రయోగశాల బల్లపై నుంచిన మహనీయుడొకడు పదునెనిమిదవ శతాబ్దమున ఇటలీ దేశమున నుండెను. ఆయన పేరు లజారో స్పల్లంజాని. మాంసపు రసమును కాచి, గాజుబుడ్డి మూతిని కరగించి మూసి, జీవము జీవమునుండియే పుట్టునని చూపిన శాస్త్రజ్ఞుడుగా మన విద్యార్థులు ఆయన నెరుగుదురు. పాఠ్యపుస్తకములు అంతటితో ఆయనను విడిచిపెట్టును. సంతానోత్పత్తిని గూర్చి ఆయన చేసిన పరిశోధనలు అంతకంటె విచిత్రమైనవి. ఆయన చేతులు సత్యమును పట్టుకొనెను. ఆయన బుద్ధి దానిని స్వీకరింపలేదు. ఆ కథను తెలిసికొనుట బోధకులకును, విద్యార్థులకును ప్రయోజనకరము.

1729వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఉత్తర ఇటలీలో, నాటి మోడెనా సంస్థానమునకు చెందిన స్కాండియానో అను చిన్న పట్టణమున స్పల్లంజాని జన్మించెను. తండ్రి న్యాయవాది. బాలుడు పదునైదవ యేట రెజ్జో పట్టణమునందలి జెసూట్ గురువుల కళాశాలలో చేరి ప్రాచీన భాషలను, తత్త్వశాస్త్రమును అభ్యసించెను. కుమారుడు తన వృత్తినే చేపట్టవలెనని తండ్రి కోరిక. ఆ కోరిక ననుసరించి యువకుడు బొలోన్యా విశ్వవిద్యాలయమున ధర్మశాస్త్ర గ్రంథములు చేతబట్టెను. అయితే ఆ నగరమున లారా బస్సీ అను విదుషీమణి యుండెను. ఆమె ఆయనకు బంధువు. స్త్రీలకు విద్యాలయ ద్వారములు మూసియున్న ఆ కాలమున ఆమె 1732లో పట్టము పొంది, ఆచార్య పదవి నధిష్ఠించి, భౌతికశాస్త్రమును బోధించుచుండెను. ఆమె సాన్నిధ్యమున స్పల్లంజాని మనస్సు చట్టములను విడిచి ప్రకృతి వైపు మరలెను. తమ ప్రాంతమువాడే యైన వల్లిస్నేరి అను ఆచార్యుడు తండ్రికి నచ్చజెప్పగా ఆయనకు న్యాయశాస్త్రమునుండి విముక్తి లభించెను. స్త్రీ గర్భమునందలి రహస్యమును వెదకిన ఈ శాస్త్రజ్ఞునకు శాస్త్రమార్గమును చూపినది ఒక స్త్రీయే యగుట స్మరణీయము.

తరువాత ఆయన మతదీక్ష గైకొని పురోహితుడాయెను. నాటి యూరపులో చదువుకొనిన పేదవానికి అది జీవనాధారము. తీరిక నిచ్చు ఆశ్రయము కూడ. రెజ్జోలోను, మోడెనాలోను ఉపన్యాసకుడుగా పనిచేయుచు, తీరిక సమయములన్నియు సూక్ష్మదర్శిని ముందే గడపెను. 1765లో గాజుబుడ్ల ప్రయోగములను వెల్లడించి, జీవులు తమంతట తామే పుట్టునన్న నీడ్‌హామ్, బుఫాన్ పండితుల వాదమును ఎదిరించెను. 1768లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించెను. మరుసటి సంవత్సరము, అనగా 1769లో, ఆస్ట్రియా ప్రభుత్వము క్రింద నున్న పావియా విశ్వవిద్యాలయము ప్రకృతిశాస్త్ర పీఠమును ఆయనకు అప్పగించెను. జీవితాంతము వరకు ఆయన ఆ పీఠమును విడువలేదు.

సంతానోత్పత్తిని గూర్చి ఆనాటి పండితుల మతములను ఇచ్చట కొంత తెలిసికొనవలెను. 1672లో డచ్చి వైద్యుడు రెనియర్ డి గ్రాఫ్ స్త్రీ అండాశయములందలి చిన్న బుడగలను వర్ణించి, అవియే సంతానమునకు మూలమనెను. అయిదు సంవత్సరములైన పిదప, 1677లో, డెల్ఫ్ట్ నగరపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను స్వయముగా సానబట్టిన కటకము క్రింద పురుష శుక్రమును పరీక్షించి, తోకలతో ఈదులాడు అసంఖ్యాక జీవులను కనుగొనెను. అంతటితో పండితులు రెండు పక్షములుగా చీలిరి. శిశువు శుక్రకీటముననే సూక్ష్మరూపమున నున్నదని ఒక పక్షము, అండముననే ముడుచుకొని యున్నదని మరియొక పక్షము వాదించెను. 1740లో జెనీవా పండితుడు షార్ల్ బోనే మొక్కల పేనులు పురుషసంపర్కము లేకయే పిల్లలను కనుటను చూపగా అండవాదుల పక్షమునకు గొప్ప బలము చేకూరెను. బోనే స్పల్లంజానికి ఉత్తర ప్రత్యుత్తరముల మిత్రుడు, గురుతుల్యుడు. శిశువు అండముననే సిద్ధముగా నుండును, శుక్రద్రవము దాని హృదయమును తట్టి మేల్కొల్పును, అంతే యని బోనే మతము. స్పల్లంజాని ఆ మతమునే నమ్మెను.

నమ్మకముండినను ఆయన పరీక్షను మానలేదు. ఆయన మొదట కప్పలను ఎన్నుకొనెను. కప్పలలో సంయోగ ఫలము తల్లి గర్భమున గాక నీటిలో ఏర్పడును గనుక కంటితో చూచుటకు వీలగును. ఆడుకప్ప గ్రుడ్లు పెట్టుచుండగా మగకప్ప దాని వీపు నంటి యుండును. ఆ సమయమున మగకప్పనుండి ఏదేని వెలువడుచున్నదా, లేదా అని పండితులు సందేహించుచుండిరి. అంతకు పూర్వము ఫ్రెంచి పండితుడు రియోమ్యూర్ మగకప్పలకు చిన్న లాగులు తొడిగి చూచెను గాని ఆయన పరిశ్రమ ఫలింపలేదు. స్పల్లంజాని ఆ ఉపాయమునే మరల చేపట్టెను. నీరు చొరని సన్నని లాగులు కుట్టి మగకప్పలకు బిగువుగా తొడిగెను. లాగులు తొడిగిన కప్పలు తొడగని వానివలెనే ఆడుకప్పల నంటిపెట్టుకొనెను. ఆడుకప్పలు గ్రుడ్లు పెట్టెను. ఆ గ్రుడ్లలో ఒక్కటియు పిల్లగా మారక కుళ్ళిపోయెను. పిమ్మట ఆయన లాగులలో నిలిచిన కొన్ని బిందువులను తీసి వేరొక కప్ప గ్రుడ్లకు పూయగా అవి తోకకప్పలై ఈదసాగెను. లాగు కుట్టు దర్జీపని వంటి ఈ ప్రయోగము నవ్వు పుట్టించును గాని, పురుష ద్రవ్యము లేనిదే గ్రుడ్డు పిల్ల కాదని ఇంత తేటగా చూపిన ప్రయోగము అంతకు ముందు లేదు.

గ్రుడ్డునకు ద్రవమే తగులవలెనా, దాని ఆవిరి తగిలిన చాలునా అనునది రెండవ ప్రశ్న. శుక్రమునుండి వెలువడు ఒక సూక్ష్మ వాయువే గర్భమును నిలుపునని గొప్ప వైద్యులు సైతము బోధించుచుండిరి. స్పల్లంజాని రెండు గడియారపు అద్దములు తీసికొనెను. ఒకదానిలో శుక్రద్రవము నుంచెను. రెండవదాని లోపలితట్టున గ్రుడ్ల నంటించి మొదటిదానిపై బోర్లించెను. క్రింది ద్రవము ఆవిరియై పైగ్రుడ్లను తడిపెను. ఎంత తడిసినను గ్రుడ్లు పిల్లలు కాలేదు. క్రింద మిగిలిన ద్రవమును మరికొన్ని గ్రుడ్లకు తాకింపగా అవి పిల్లలాయెను. వాయువాదము ఆ రెండు అద్దముల నడుమ నలిగిపోయెను.

మూడవ ప్రయోగము అన్నిటికంటె గొప్పది. శుక్రము కలిపిన నీటిని ఆయన దూది గుండను, గుడ్డపేలికల గుండను, చివరకు అద్దుడు కాగితముల గుండను వడగట్టెను. ఒక కాగితము గుండ వడగట్టిన నీటికి శక్తి కొంత తగ్గెను. కాగితముల పొరలు పెంచిన కొలది శక్తి మరింత తగ్గి, తుదకు పూర్తిగా నశించెను. ఆ నీటిలో గ్రుడ్లు వేసిన ఫలితము లేదు. అయితే కాగితముపై మిగిలిన మడ్డిని మంచినీటిలో పిండి, ఆ నీటిలో గ్రుడ్లు వేయగా అవి పిల్లలాయెను. గర్భము నిలుపు శక్తి కాగితపు రంధ్రములలో పట్టని ఏదో ఒక వస్తువునందున్నది. జారిపోవు ద్రవమునందు లేదు. ఆ వస్తువు లీవెన్‌హుక్ కనుగొనిన తోకగల కణమే యని చెప్పుటకు ఇక ఒక్క అడుగు మిగిలి యుండెను.

ఆ అడుగును స్పల్లంజాని వేయలేదు. శుక్రమునందలి కదలు కణములు ప్రేవులలోని పురుగులవలె ఆ ద్రవమున నివసించు పరాన్నజీవులని ఆయన నిశ్చయము. కీటములు లేవని తాను తలచిన కొంత శుక్రముతో కూడ గ్రుడ్లు పిల్లలైనట్లు ఆయన వ్రాసికొనెను. ఆనాటి కటకముతో ఆయన కంటికి చిక్కనివి ఆ బిందువులో నుండియుండును. పైగా శుక్రము తగిలిన గ్రుడ్డును, తగులని గ్రుడ్డును ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు ఆయనకు భేదము కనబడలేదు. కనుక పిల్ల ముందే గ్రుడ్డులో నున్నదని తలచెను. బోనే చెప్పిన సిద్ధాంతము కన్నులకు గంతగా కట్టినట్లాయెను. అయినను ఆయనయందొక గొప్ప గుణము కలదు. తన మతమునకు అనుకూలించినదియు, అనుకూలింపనిదియు ఉన్నదున్నట్లు వ్రాసిపెట్టెను. కాగితముల లెక్క, నీటి లెక్క, గ్రుడ్ల లెక్క ఏదియు దాచలేదు.

నీటిలో జరిగిన వింత తల్లి గర్భమున కూడ జరుగునా యని తెలిసికొనుటకు ఆయన ఒక ఆడుకుక్కను ఎన్నుకొనెను. అది పూర్వము ఈనినదే. దానిని తన ఇంట ఒక గదిలో బంధించి తాళపుచెవి తన యొద్దనే యుంచుకొనెను. ఆహారము తానే పెట్టెను. పదుమూడవ నాటికి అది ఎదకు వచ్చిన చిహ్నములు కనబడెను. ఇరువదిమూడవ నాడు అదే జాతి మగకుక్కనుండి సేకరించిన 19 గ్రెయినుల శుక్రమును, అనగా ఒక గ్రాము ప్రాంతము, సన్నని మొనగల పిచికారీతో దాని గర్భాశయమున ప్రవేశపెట్టెను. ఆ ద్రవము చల్లారిన యెడల శక్తి పోవునని తలచి, పిచికారీని రియోమ్యూర్ ఉష్ణమాపకము ప్రకారము 30 డిగ్రీలకు, అనగా మన లెక్కకు 37½ సెంటిగ్రేడు డిగ్రీలకు, వెచ్చచేసెను. రెండు దినములలో కుక్క ఎద శాంతించెను. 20 దినములకు కడుపు ఉబ్బినట్లు కనబడెను. 62వ దినమున అది చురుకైన మూడు పిల్లలను ఈనెను. రెండు మగవి, ఒకటి ఆడుది.

ఆ క్షణమున తనకు కలిగిన ఆనందము తన శాస్త్రజీవితమున మరెన్నడును కలుగలేదని ఆయన వ్రాసికొనెను. సంగమము లేకుండ ఒక పాలిచ్చు జంతువునకు సంతానము కలిగించిన వార్త లోకమునకు ప్రామాణికముగా తెలిసినది దీనితోనే. 1780లో వెలువడిన ఆయన గ్రంథమున ఈ వృత్తాంతమంతయు కలదు. 1782లో పీసా నగర పండితుడు రోస్సి అదే ప్రయోగమును మరల చేసి సఫలుడయ్యెను. లండను నగరమున జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు శారీరక లోపముగల ఒక వర్తకునకు ఇట్టి ఉపాయమునే బోధింపగా ఆయన భార్య గర్భవతి యయ్యెనని 1799లో ప్రకటింపబడెను.

ఆ గదిలో పుట్టిన పిల్లలు స్పల్లంజాని ముందొక ప్రశ్నను నిలిపెను. వాని రూపమును, రంగును చూడగా తల్లి పోలికయే గాక తండ్రి పోలిక కూడ కనబడెను. ఈ మాటను కూడ ఆయన నిజాయితీగా వ్రాసెను. శిశువు తల్లి అండమున ముందే తయారై యుండి, శుక్రము దానిని మేల్కొల్పుటకు మాత్రమే పనికివచ్చినచో, ఎన్నడును తల్లి దరికి రాని తండ్రి పోలిక పిల్లల కెట్లు వచ్చెను? కుక్కపిల్లలు మూడును కన్నుల యెదుట తిరుగుచుండగా కూడ ఆయన అండవాదమును విడువలేదు. మనిషికి తాను కనిన బిడ్డకంటె తాను నమ్మిన మతము ప్రియమైనదేమో!

ఆయన జీవితమున విశ్రాంతి లేదు. 1780 గ్రంథముననే జీర్ణక్రియను గూర్చిన పరిశోధనలు కూడ కలవు. గుడ్డసంచులలో ఆహారమును కుట్టి తానే మ్రింగి, కడుపులోని రసము ఆహారమును కరగించునని చూపెను. 1785లో కాన్‌స్టాంటినోపిల్ నగరమునకు ప్రయాణమయ్యెను. ఆయన లేని సమయమున కొందరు సహోద్యోగులు విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలోని వస్తువులను ఆయన అపహరించెనని నింద మోపిరి. విచారణలో ఆయన నిర్దోషియని తేలెను. 1788లో దక్షిణ ఇటలీకి పోయి వెసూవియసు, ఎట్నా, స్ట్రాంబోలి అగ్నిపర్వతములను దర్శించెను. 1793 నుండి గబ్బిలములను పరీక్షించి, కన్నులు పోయినను అవి తప్పక ఎగురుననియు, చెవులు మూసినచో తడబడుననియు కనుగొనెను. ఈ ప్రయోగములలో మూగజీవులు పడిన బాధ మన మనస్సునకు కష్టము కలిగించును. ఆ కాలపు శాస్త్రజ్ఞులు దానిని లెక్కింపలేదు, ఆయనయు లెక్కింపలేదు. 1799 ఫిబ్రవరి నెలలో, డెబ్బదియవ యేట, పావియాలో ఆయన పరమపదించెను. మూత్రాశయ వ్యాధితో బాధపడిన ఆయన దేహమునుండి ఆ అవయవమును తీసి శాస్త్రార్థము పావియాలో భద్రపరచిరి. ఆయన తన దేహమునుగూడ పరీక్షకు విడిచి పోయినట్లాయెను.

స్పల్లంజాని వేయక విడిచిన అడుగును వేయుటకు మరి ఇరువదియైదు సంవత్సరములు పట్టెను. 1824లో ప్రేవో, డ్యూమా అను ఇద్దరు యువకులు ఆయన వడపోత ప్రయోగమునే మరల చేసి, గర్భము నిలుపునది శుక్రకణమే యని నిర్ణయించిరి. ఆయన తన లెక్కలను దాచియుండినచో వారికి ఆ మార్గము దొరకెడిది కాదు. 1827లో వాన్ బేర్ పాలిచ్చు జంతువు అండమును తొలిసారి స్పష్టముగా దర్శించెను. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు ముళ్ళజీవిలో శుక్రకణ కేంద్రమును, అండకేంద్రమును ఒకటిగా కలియుటను చూచెను. బీజక్షేత్రములు రెండును సమాన భాగస్వాములని అంతటితో తేలెను. అండవాదియు ఓడెను, శుక్రవాదియు ఓడెను.

ఇంకను ఒక రహస్యము మిగిలెను. కుక్క గర్భాశయమున ద్రవమును ప్రవేశపెట్టిన దినమునకును, పిల్లలు పుట్టిన 62వ దినమునకును నడుమ ఆ మూసిన గదిలో, అంతకంటె మూసిన ఆ గర్భములో, ఏమి జరిగెను? శుక్రకణము తన తోక బలముతో ఈదిపోయి అండమును జయించునని, స్త్రీ దేహము కేవలము దారి యని చాలకాలము తలచిరి. 1951లో అమెరికాలో ఎం. సి. చాంగ్ అను చైనా దేశస్థుడును, ఆస్ట్రేలియాలో ఆస్టిన్ అను శాస్త్రజ్ఞుడును విడివిడిగా ఒక విశేషమును వెల్లడించిరి. అప్పుడే వెలువడిన శుక్రకణము అండము ప్రక్కన నుంచినను దానిలో ప్రవేశింపలేదు. అది స్త్రీ జననేంద్రియ మార్గమున కొన్ని గంటలు నివసించిన పిదపనే అందులకు యోగ్యమగును. ఈ మార్పును మనము సామర్థ్యప్రాప్తి యనవచ్చును. బీజము తన శక్తిని క్షేత్రముననే పొందుచున్నదన్న మాట.

నేడు మనకు తెలిసిన కథ ఇట్టిది. మానవులలో ఒక్కసారి స్త్రీ దేహమున ప్రవేశించు శుక్రకణములు ఇరువది కోట్లకు అటునిటుగా నుండును. మొదటి భాగమున ఆమ్లగుణము గల స్రావము వానిలో పెక్కింటిని నశింపజేయును. గర్భాశయ ముఖమున జిగట శ్లేష్మము కావలి కాయును. నెలలో అధికభాగము ఆ శ్లేష్మము చిక్కగా నుండి ఎవరిని లోనికి పోనీయదు; అండము విడుదలయగు దినములు సమీపించినపుడు పలుచనై, చక్కగా ఈదగల కణములకు మాత్రము దారి యిచ్చును. గర్భాశయపు గోడలు మెల్లగా ముడుచుకొనుచు వానిని పైకి సాగనంపును. రక్తమునందలి తెల్లకణములు వచ్చి మిగిలిన వానిని పట్టి మ్రింగును. ఇన్ని వడపోతలు దాటి అండము సమీపమునకు చేరునవి కొన్ని వందలు మాత్రమే. స్పల్లంజాని కాగితపు పొరలతో చేసిన వడపోతను తల్లి దేహము అనాదిగా చేయుచునే యున్నది!

గర్భాశయమునుండి అండాశయము వైపు సాగు సన్నని గొట్టమును అండవాహిక యందురు. ఆవు, పంది మున్నగు జంతువులలో ఆ వాహిక మొదటి భాగమున శుక్రకణములు గోడల నంటుకొని, ప్రయాణికులు సత్రమున దిగినట్లు, నిలిచియుండును. గోడల కణములు వాని ప్రాణమును కాపాడును. అండము విడుదలయగు తరుణమున అవి కొద్దికొద్దిగా విడివడి, తోకలను కొరడాలవలె విసరుచు ముందుకు సాగును. స్త్రీ దేహమున శుక్రకణము అయిదు దినముల వరకు జీవింపగలదు. అండము ఆయువు ఒక దినమునకు మించదు. ఆ స్వల్పకాలమున ఇద్దరిని కలుపు ఏర్పాటు తల్లి దేహముననే కలదు.

ఈ జ్ఞానముతో స్పల్లంజాని ప్రయోగములను మరల చూచిన ఆశ్చర్యము కలుగును. ఆడుకుక్క అండములు పరిపక్వము గాకయే విడుదలయగును; అవి వాహికలో రెండు మూడు దినములు పండిన పిదపనే గర్భధారణకు యోగ్యములగును. కుక్క శుక్రకణములు ఆ మార్గమున పలుదినములు జీవింపగలవు గనుక ఒక్క పిచికారీతో ఫలితము లభించుటకు వీలైనది. ఆయన ఎవరి చెవులను పరీక్షించెనో ఆ గబ్బిలముల కథ మరియు వింత. శీతల దేశముల గబ్బిలములు పెక్కు శరత్కాలమున జతగూడి, చలికాలమంతయు ఆడుదాని దేహమున శుక్రకణములను సజీవముగా దాచి, వసంతమున గర్భము ధరించును. ఇక కప్పల మాట. నీటిలోనే అంతయు జరుగునని తలచిన కప్పలలో కూడ, తల్లి అండవాహిక గుండ వచ్చునపుడు గ్రుడ్డు చుట్టును చేరిన జిగురు పొర లేనిదే అది సహజముగా ఫలింపదు. తల్లి దేహపు పాత్ర లేని చోటు ఎక్కడను లేదు.

ఆయన నాటిన విత్తనము తరువాతి శతాబ్దములలో పండెను. మన దేశమున 1939లో మైసూరు రాజప్రాసాద గోశాలలో సంపత్కుమారన్ అను అధికారి కృత్రిమ గర్భోత్పత్తిని ప్రారంభించెను. నేడు మన పల్లెలలోని పశువైద్యశాలలలో ఆవులకు, గేదెలకు చూలు కట్టించు సూదులు స్కాండియానో పురోహితుని పిచికారీకి వారసులే. మంచుతో చల్లబరచిన శుక్రకణములు నిశ్చలములై, వెచ్చదనము తగులగానే మరల కదలుటను కూడ ఆయన గమనించెను. 1949లో ఇంగ్లండు దేశమున పోల్జ్, స్మిత్, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు గ్లిసరిన్ సహాయముతో శుక్రకణములను గడ్డకట్టించి భద్రపరచు పద్ధతిని కనుగొనిరి. 1959లో చాంగ్ ఒక కుందేలు గర్భాశయమున నివసించి సామర్థ్యము పొందిన శుక్రకణములను తీసి, గాజుపాత్రలో మరియొక కుందేలు అండములతో కలిపి సజీవ సంతానమును పొందెను. 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణమున, ఎడ్వర్డ్స్, స్టెప్టో అను శాస్త్రజ్ఞుల కృషివలన, గాజుపాత్రలో ఏర్పడిన పిండమునుండి తొలి మానవ శిశువు జన్మించెను. తల్లి వాహిక చేయు పనిని గాజుపాత్రలో చేయించుట నేర్చిన తరువాతనే అది సాధ్యమైనది.

ఇక మొదట చెప్పిన కన్నీటి మాట. సంతానము లేని దంపతులలో దాదాపు సగము మందియందు పురుషుని లోపమునకు కూడ పాత్ర కలదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కణముల సంఖ్య తక్కువయగుట, కదలిక మందగించుట, ఆకారము చెడుట వీనిలో కొన్ని. స్త్రీ వైపున వాహికలు మూసికొనుట, అండము విడుదల కాకుండుట వంటివి కలవు. ఒక్కొక్కప్పుడు ఇద్దరును ఆరోగ్యవంతులయ్యును కాలము కుదరదు. కనుక పరీక్ష ఇద్దరికిని జరుగవలెను. పురుషునకు జరుపవలసిన తొలి పరీక్ష మిక్కిలి సులభమైనది; లీవెన్‌హుక్ చేసినట్లు ఒక బిందువును సూక్ష్మదర్శిని క్రింద చూచుటయే దానికి మూలము. ఆ పరీక్షకు భర్త అంగీకరింపని యింట, భార్య మాత్రము గుడులచుట్టు, చెట్లచుట్టు ప్రదక్షిణములు చేయుచుండుట నేటికిని మనము చూచుచున్నాము.

సత్యము ఎదుట నిలిచినను పాత నమ్మకమును విడువలేని దుర్బలత స్పల్లంజాని వంటి మేధావికే తప్పలేదు. ఆయనకును మనకును ఒక భేదము కలదు. ఆయన తన నమ్మకమునకు ఎదురైన సాక్ష్యమును చెరిపివేయలేదు. రాబోవు వారు సరిదిద్దుటకు వీలుగా లెక్క వ్రాసి యుంచెను. తరగతిలో గాజుబుడ్డి బొమ్మ గీయు ఉపాధ్యాయుడు దాని ప్రక్కన అద్దుడు కాగితమును, మూడు కుక్కపిల్లలను కూడ గీయవలెను. బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా యని ఆ తరగతిలోని బాలుడు రేపు అడిగినచో, ఒకటి లేక రెండవది లేదని, నింద వేయుటకు ముందు పరీక్షింపవలెనని అతనికి చెప్పవచ్చును. ఆ మాట నేర్చిన బాలుడు పెరిగి గృహస్థుడైన నాడు, ఒక యింట ఒక స్త్రీ కన్నీరు తగ్గును.